బండి వణుకు ఎక్కడిది: ప్లగ్గుదా, గేరుదా?

కడప నుంచి రాయచోటికి పోయే దారిలో గువ్వలచెరువు ఘాటు ఉంది. పాలకోవా కోసం ఆగేవాళ్లకు అది తీపి ఊరు. బండి నడిపేవాళ్లకు మాత్రం పరీక్ష పెట్టే ఊరు. కింద చదును రోడ్డు మీద ఏ గొడవా లేకుండా వచ్చిన కారు, ఎత్తు మొదలవగానే ఒళ్లంతా అదరడం మొదలుపెడుతుంది. స్టీరింగు వణుకుతుంది, సీటు వణుకుతుంది, ముందు అతికించుకున్న దేవుడి బొమ్మ కూడా ఊగుతుంది. గేరు దించితే కాస్త తగ్గుతుంది. పైకి చేరాక ఏమీ జరగనట్టు మామూలుగా పోతుంది. మర్నాడు షెడ్డుకు తీసుకుపోతే అక్కడ మాట ఇట్లా నడుస్తుంది.

"ఏమైందన్నా?"

"బండి వణుకుతాంది."

"యాడ?"

"ఎత్తెక్కేటప్పుడు."

"క్లచ్ ప్లేటు పోయింటాది. దించి చూడాల."

గేర్‌బాక్సు దిగుతుంది. కొత్త క్లచ్ సెట్టు ఎక్కుతుంది. వేలల్లో బిల్లు అవుతుంది. మళ్లీ ఘాటెక్కితే వణుకు అట్లే ఉంటుంది. ఎందుకంటే రోగం క్లచ్చుది కాదు, ఒక సిలిండరు మీద కూర్చున్న చిన్న ఇగ్నిషన్ కాయిల్‌ది. దీనికి ఎదురు కథ కూడా మన షెడ్లలో వినిపిస్తూనే ఉంటుంది. ప్లగ్గులు మార్చి, కాయిళ్లు మార్చి, పెట్రోలు ట్యాంకు కడిగించి, చిట్టచివరికి క్లచ్ ప్లేటు మీద ఆయిలు కారిందని తేలిన బండ్లు ఉన్నాయి. రెండు కథల్లోనూ మెకానిక్‌కు పని రాదని అనను. "వణుకుతాంది, ఎత్తెక్కేటప్పుడు" అన్న రెండు ముక్కలు విని అతను తీర్పు చెప్పాల్సి వచ్చింది. ఆ రెండు ముక్కలూ రెండు రోగాలకూ సరిపోతాయి మరి.

ఇంజనులో మంట తప్పడం వల్ల వచ్చే వణుకునూ, ఆ శక్తిని చక్రాలకు చేర్చే క్లచ్చు, గేర్‌బాక్సు, షాఫ్టుల వల్ల వచ్చే వణుకునూ వేరుచేసి చూడటం ఎట్లాగో ఇవాళ మాట్లాడుకుందాం. నేను పట్టుబట్టేది ఒక్క విషయం మీదే. వణుకు ఎంత గట్టిగా ఉందన్నది పక్కన పెట్టండి. అది దేని వెంట పోతోందో చూడండి. ఇంజను తిరిగే వేగం వెంట పోతోందా, చక్రం తిరిగే వేగం వెంటా, మోసే బరువు వెంటా, వేడి వెంటా? సామాను మార్చే ముందు పరిస్థితి మార్చి చూడాలి. పరిస్థితి మార్చడానికి పైసా ఖర్చు లేదు.

అన్నిటికంటే ముందు అడగాల్సిన ప్రశ్న మరీ చిన్నది. మీ బండి పెట్రోలుదా, డీజిలుదా? ఎర్రగుంట్ల సిమెంటు ఫ్యాక్టరీల నుంచి బయల్దేరే లారీలు, బేతంచెర్ల నుంచి నాపరాయి మోసేవి, మంగంపేట ముగ్గురాయి టిప్పర్లు, చీనీకాయలు వేసుకుని మార్కెట్టుకు పోయే బొలెరోలు, ట్రాక్టర్లు, ఇవన్నీ దాదాపు డీజిలువే. డీజిల్ ఇంజనులో నిప్పురవ్వ అనేదే లేదు. గాలిని 16 నుంచి 18 రెట్లు కుదిస్తే అది 500 డిగ్రీలు దాటి కాగుతుంది. ఆ గాలిలోకి డీజిలు చిమ్మితే దానంతటదే అంటుకుంటుంది. రుడాల్ఫ్ డీజిల్ 1897లో నడిపి చూపించిన ఇంజనుకూ ఇవాళ్టి టిప్పరుకూ ఈ సూత్రంలో తేడా లేదు. కాబట్టి డీజిల్ బండికి "ఇగ్నిషన్ పోయింది" అని ఎవరైనా అంటే, ఆ షెడ్డులో ఇంకా నిలబడాలా అని ఒక నిమిషం ఆలోచించుకోండి. హీటర్ ప్లగ్గులు ఉంటాయి నిజమే. అవి చల్లటి ఇంజనును స్టార్టు చేయడానికి. వేడెక్కి నడుస్తున్న బండి వణుకు వాటి నెత్తిన వేయలేం.

డీజిల్‌లో మంట తప్పిందంటే నాజిల్ సరిగా చిమ్మడం లేదనో, ఫిల్టరులోకి నీళ్లు చేరాయనో, లైనులో గాలి ఇరుక్కుందనో, ఆ సిలిండరులో కంప్రెషన్ పడిపోయిందనో అర్థం. పాత తరహా పంపు ఉన్న ఇంజన్లలో మన మెకానిక్‌లు ఒక్కో నాజిల్ పైపు నట్టును వదులుచేసి చూసేవాళ్లు. ఏ సిలిండరు నట్టు వదిలినా ఇంజను నడకలో తేడా రావాలి. వదిలినా తేడా రాలేదంటే ఆ సిలిండరు ముందునుంచే పని చేయడం లేదన్నమాట. మంచి పరీక్షే. అయితే ఈ కాలపు కామన్ రైల్ ఇంజన్ల మీద ఈ పని పొరపాటున కూడా చేయకండి. ఆ పైపుల్లో డీజిలు వెయ్యి బార్లకు పైగా ఒత్తిడితో ఉంటుంది. సన్నటి ధార చర్మాన్ని చీల్చుకుని లోపలికి దిగిపోతుంది. బయటికి సూది గుచ్చినంత గాయమే కనిపిస్తుంది, లోపల వేలు పోయేంత నష్టం జరుగుతుంది.

అన్నట్టు, ఒకే సిలిండరు ఉన్న పాత డీజిల్ ఆటోలకు ఈ ప్రసంగం వర్తించదు. అవి పుట్టుకతోనే వణుకుతాయి. వణకడం మానేస్తే అప్పుడు భయపడాలి.

ఇప్పుడు ఒక చిన్న లెక్క చూద్దాం. నాలుగు సిలిండర్ల ఇంజనులో ఒక సిలిండరు మంట తప్పిందనుకోండి. ఆ సిలిండరు వంతు ఇంజను రెండు చుట్లు తిరిగితే ఒకసారి వస్తుంది. ఇంజను నిమిషానికి 1500 చుట్లు తిరుగుతుంటే తప్పిన దెబ్బలు నిమిషానికి 750, అంటే సెకనుకు 12.5. ఇక చక్రం సంగతి. చిన్న కారు టైరు ఒక చుట్టు తిరిగితే సుమారు 1.8 మీటర్లు పోతుంది. గంటకు 80 కిలోమీటర్ల వేగంలో ఆ చక్రం సెకనుకు 12 సార్లకు కొంచెం పైనే తిరుగుతుంది. ఒక టైరు ఉబ్బినా, బ్యాలెన్సు తప్పినా సెకనుకు అన్నే కుదుపులు. స్టీరింగు పట్టుకున్న చేతికి ఈ 12కూ ఆ 12.5కూ తేడా తెలియదు. ఎంత అనుభవం ఉన్న డ్రైవరైనా "ఇది ఇంజను వణుకే" అని చేతి స్పర్శతో తేల్చి చెబితే అందులో సగం ఊహే. ఎంత వేగంలో, ఏ గేరులో వచ్చిందని చెబితే మాత్రం అది ఆధారం.

కర్నూలు నుంచి నంద్యాల, ఆళ్లగడ్డ, మైదుకూరు మీదుగా కడపకు సుమారు 200 కిలోమీటర్లు. ఒకప్పుడు 18వ నంబరు, ఇప్పుడు 40వ నంబరు జాతీయ రహదారి. చాలా భాగం చదును, వెడల్పు. వణుకును పరీక్షించడానికి ఇంతకంటే మంచి చోటు లేదు. రద్దీ లేని వేళ చూసుకోండి, పక్కన ఇంకో మనిషిని కూర్చోబెట్టుకోండి, అతను రాసుకుంటాడు. ఘాటు రోడ్డు మీద మాత్రం ఈ ప్రయోగాలు వద్దు.

టాప్ గేరులో 60 దగ్గర వణుకు వస్తోందనుకుందాం. అదే 60లో ఉండగా ఒక గేరు తగ్గించండి. చక్రాల వేగం మారలేదు, షాఫ్టు వేగం మారలేదు, ఇంజను వేగం మాత్రం పెరిగింది. వణుకు అచ్చం అట్లే ఉందంటే రోగం గేర్‌బాక్సు దాటి వెనక ఉంది. టైరు, రిమ్ము, యాక్సిల్, ప్రొపెల్లర్ షాఫ్టు, దాని క్రాసులు, సెంటర్ బేరింగు చూడాలి. వణుకు మాయమైందా, లేదా దాని తాళం మారిందా? అప్పుడు ముందువైపు వెతకాలి. తర్వాత బండిని పక్కకు ఆపి, న్యూట్రల్‌లో ఉంచి, ఇందాక వణుకు వచ్చినప్పుడు మీటరులో ఎంత ఆర్‌పీఎం ఉందో అంతకు యాక్సిలరేటరు తొక్కండి. నిలబడిన బండి కూడా అట్లే వణికితే క్లచ్ ప్లేటు నిర్దోషి అయ్యే అవకాశం ఎక్కువ. ఇంజను మౌంటింగ్ రబ్బర్లు చిరిగాయేమో కూడా అప్పుడే చూడాలి. నిలబడినప్పుడు ఇంజను నున్నగా ఉండి, బరువు పడితేనే వణుకు వస్తోందా? అక్కడే అసలు చిక్కు. ఎందుకంటే మంట తప్పడానికీ బరువు కావాలి, క్లచ్చు జారడానికీ బరువు కావాలి.

క్లచ్చు సంగతి కొంచెం తీరిగ్గా చెప్పుకుందాం, మన ప్రాంతంలో అది పడే పాట్లు తక్కువేమీ కావు. క్లచ్చు వణుకు ఎక్కువగా కనిపించేది బండి కదిలే క్షణంలో. ఫస్టు గేరు వేసి, క్లచ్చు మెల్లగా వదులుతుంటే, ప్లేటు పట్టుకునే ఆ రెండు మూడు సెకన్లు బండి దడదడలాడి, పూర్తిగా వదిలేశాక నిమ్మళిస్తుంది. రివర్సులో, అందునా ఎత్తు మీదికి వెనక్కి ఎక్కించేటప్పుడు ఇంకా గట్టిగా వస్తుంది. బండి కదలడం మొదలైనప్పుడే వచ్చి, క్లచ్చు పూర్తిగా పట్టాక పోయే వణుకుకు ప్లగ్గులు మార్చడం డబ్బు పారేయడమే.

ఎందుకొస్తుంది? ఇంజను వెనక ఆయిల్ సీలు కారి ప్లేటు మీద ఆయిలు పడొచ్చు. అప్పుడు ప్లేటు ఒకచోట జారుతుంది, ఒకచోట పట్టుకుంటుంది. ప్లేటు లైనింగు కాలి గాజులా నునుపెక్కొచ్చు. ఫ్లైవీలు మీద ఎక్కువ వేడి పడ్డ చోట నీలం మచ్చలు లేస్తాయి. ఆ మచ్చల దగ్గర ఇనుము మిగతా చోట్లకంటే గట్టిపడి, సన్నగా ఉబ్బుతుంది. క్వారీ గుంతలోంచి నాపరాయి లోడుతో హాఫ్ క్లచ్ మీద పైకి లాగే బండ్లకూ, ఘాటు మలుపులో జామ్ అయినప్పుడు బ్రేకు వేయకుండా క్లచ్చు మీదే బండిని నిలబెట్టే డ్రైవర్లకూ ఇది తప్పదు. ఎత్తులో ఆగినప్పుడు హ్యాండ్ బ్రేకు వేయమంటే "మాకు అలవాటు లేదన్నా" అంటారు. ఆ అలవాటు ఖరీదు ఒక క్లచ్ సెట్టు. కొత్త ప్లేటు వేసేటప్పుడు ఫ్లైవీలును లేత్ షాపులో సాపు చేయించకుండా, కారే సీలు మార్చకుండా బిగిస్తే, కొన్నాళ్లకే పాత వణుకు కొత్త ప్లేటు మీద తిరిగి వస్తుంది. కూలీ రెండోసారి కట్టాలి. గేర్‌బాక్సు ఎట్లాగూ దించారు కాబట్టి సీలు, ఫ్లైవీలు, రిలీజ్ బేరింగు మూడూ చూపించమని అడగండి.

క్లచ్చు జారడం వేరు, వణకడం వేరు. ఎత్తులో యాక్సిలరేటరు తొక్కితే ఇంజను అరుపు పెరిగి, బండి వేగం పెరగకపోతే అది జారుతోంది. కాలిన వాసన కూడా వస్తుంది. ఇంజను అరుపే తడబడుతూ, ఆర్‌పీఎం ముల్లు పైకి పోలేక కుదుపుతో పోతుంటే మంట తప్పుతోంది. గువ్వలచెరువు వణుకు ఈ రెండింటిలో ఏదో ఆ ముల్లే చెబుతుంది. చాలామంది ఆ సమయంలో దాని వైపు చూడరు.

ఇక నిప్పురవ్వ దగ్గరికి వద్దాం. ప్లగ్గు మొనల మధ్య సందు మిల్లీమీటరుకు అటూ ఇటూ ఉంటుంది. ఆ సందు దాటి రవ్వ దూకాలంటే వేల వోల్టులు కావాలి. ఎంత కావాలన్నది సందు మీదే కాక, అక్కడున్న గాలి ఒత్తిడి మీద కూడా ఆధారపడుతుంది. బండి ఊరికే నిలబడి ఉన్నప్పుడు సిలిండరులోకి గాలి తక్కువ పోతుంది, ఒత్తిడి తక్కువ, 10 వేల వోల్టుల చుట్టుపక్కల సరిపోవచ్చు. ఎత్తులో టాప్ గేరులో యాక్సిలరేటరు అదిమితే సిలిండరు నిండా గాలి పోతుంది, ఒత్తిడి పెరుగుతుంది, దానికి రెండింతలు మూడింతలు కావాలి. ప్లగ్గు మొనలు అరిగి సందు పెరిగినా, కాయిల్ బలహీనపడినా, ప్లగ్గు వైరు ఎక్కడో చీలినా షెడ్డులో నిలబెట్టి చూస్తే బండి బంగారంలా నడుస్తుంది. బరువు పడగానే దొంగ దొరుకుతాడు. మెకానిక్‌లు మిస్సింగ్ అనేది దీన్నే. ఎత్తులో వణికి, గేరు దించగానే తగ్గడానికి కారణం కూడా ఇదే. గేరు దించితే అదే పనికి ఇంజను అంత ఊపిరి పీల్చాల్సిన అవసరం ఉండదు. గ్యాసు మీద నడిచే బండ్లకు ఇంకా ఎక్కువ వోల్టేజీ కావాలి. అందుకే పెట్రోలు మీద బాగున్న బండి గ్యాసులోకి మార్చగానే మిస్సింగ్ కొడితే ముందు గ్యాసు కిట్టును తిట్టకుండా ప్లగ్గులు చూడండి.

వేడి మాట. మే నెలలో కర్నూలులో, నంద్యాలలో 42, 43 డిగ్రీలు వింతేమీ కాదు. బానెట్టు కింద ఇంజను వేడి దానికి తోడవుతుంది. కాయిల్ లోపలిది రాగి తీగ. 25 డిగ్రీల నుంచి 100 డిగ్రీలకు వేడెక్కితే రాగి నిరోధం దాదాపు 30 శాతం పెరుగుతుంది. తీగ మీది పూత ఎక్కడైనా పగిలి ఉంటే వేడికి ఆ చీలిక తెరుచుకుంటుంది. కాబట్టి పొద్దున ఆరు గంటలకు బయల్దేరితే బాగుండి, మధ్యాహ్నం రెండింటికి డోన్ దగ్గర వణికి, సాయంత్రం చల్లబడ్డాక మళ్లీ బాగైపోయే పెట్రోలు బండి ఉంటే నా వేలు మొదట కాయిల్ వైపు, తర్వాత క్రాంక్ సెన్సారు వైపు చూపిస్తుంది. క్లచ్చుకు ఇందులో వాటా లేదనను. దాన్ని కూడా వేడి బాధిస్తుంది, అయితే అది బయటి ఎండ వేడి కాక హాఫ్ క్లచ్ వేడి. ఎండలో బైపాసు మీద నున్నగా పోతూ ఉన్న బండి క్లచ్చు వల్ల వణకదు.

కాయిల్‌ను ఎట్లా పట్టుకోవాలి? నాలుగు సిలిండర్లకూ నాలుగు కాయిళ్లు ఉన్న బండిలో అనుమానం మూడో సిలిండరు మీద ఉంటే, మూడో కాయిల్‌ను ఒకటో దాని స్థానంలో, ఒకటో దాన్ని మూడో స్థానంలో పెట్టాలి, ఇంజను ఆపి, చల్లారాక. రోగం మూడో సిలిండరు నుంచి ఒకటో సిలిండరుకు కదిలి వచ్చిందంటే కాయిల్ దొరికినట్టే. కదలకుండా మూడో దాంట్లోనే ఉందంటే ప్లగ్గు, తర్వాత ఇంజెక్టరు, తర్వాత కంప్రెషన్ చూడాలి. కొత్త కాయిల్ కొనకుండానే తీర్పు వచ్చేసింది. పాత బండ్లకు ప్లగ్గు వైర్లు ఉంటాయి. చీకట్లో బానెట్టు తెరిచి, ఇంజను నడుస్తుండగా దూరం నుంచి చూస్తే చీలిన వైరు దగ్గర నీలి రవ్వలు పాకడం కనిపిస్తుంది. చూడండి, ముట్టుకోవద్దు. నడుస్తున్న ఇంజను మీద వైరు చేత్తో లాగే పాత అలవాటు ఈనాటి బండ్ల మీద చూపితే మీకు షాకు, కంప్యూటరుకు చావు.

ఆ సిలిండరు నంబరు ఎట్లా తెలుస్తుందంటారా? స్కానరు చెబుతుంది. మన దేశంలో 2013 నుంచి కొత్త కార్లకు ఓబీడీ, అంటే బండి తన లోపాలను తానే పసిగట్టే ఏర్పాటు, రెండో దశ నియమాలు వచ్చాయి. సిలిండరులో మంట అంటుకున్న ప్రతిసారీ క్రాంక్ షాఫ్టు రవ్వంత వేగం పుంజుకుంటుంది. మంట తప్పితే పుంజుకోదు. ఆ లోటును సెన్సారు లెక్కపెట్టి కంప్యూటరుకు చేరవేస్తుంది. స్కానరులో అది కోడుగా కనిపిస్తుంది. పి 0300 అంటే మిస్సింగ్ అక్కడక్కడా వస్తోందని, పి 0301 అంటే ఒకటో సిలిండరని, పి 0304 అంటే నాలుగోదని. ఇంత వివరం ఇచ్చే యంత్రం చేతిలో ఉంచుకుని గేర్‌బాక్సు దించడం నాకు అర్థం కాని విషయం. అయితే స్కానరును దేవుణ్ని చేయకండి. గుంతల రోడ్డు మీద చక్రాల కుదుపు షాఫ్టుల గుండా వెనక్కి వచ్చి క్రాంక్‌ను ఊపుతుంది. కంప్యూటరు దాన్నే మిస్సింగ్ అనుకోవచ్చు. వణుకు గేరు వైపుదైనా ఒక్కోసారి మిస్సింగ్ కోడు పడుతుంది. కోడు చదివాక కాయిల్ తారుమారు పరీక్ష చేయమనేది అందుకే.

స్కూటర్ల మీద తిరిగే శ్రోతలకు ఒక మాట. స్కూటరులో గేర్లు ఉండవు, బెల్టు ఉంటుంది, వేగం పెరిగితే విచ్చుకుని పట్టుకునే క్లచ్ షూలు ఉంటాయి. బయల్దేరగానే 10, 20 కిలోమీటర్ల వేగంలో గడగడలాడి తర్వాత బాగైతే ఆ షూల మీద, అవి పట్టుకునే గిన్నె మీద దుమ్ము పేరుకుని నునుపెక్కాయని అర్థం. మన ఎర్ర దుమ్ము, సిమెంటు దుమ్ము ఆ మూత లోపలికి సులభంగా దూరుతుంది. తీసి శుభ్రం చేయించండి. 50లో ఎగుడుదిగుడుగా లాగుతుంటే ప్లగ్గు, గాలి ఫిల్టరు చూడాలి.

బ్రేకు నొక్కినప్పుడు మాత్రమే వణికితే అది డిస్కు సంగతి. ఇంజనూ కాదు, గేరూ కాదు.

ఇక ఆటోమేటిక్ బండ్లు. ఇవి మన పల్లె దారుల్లో కూడా కనిపిస్తున్నాయి, వీటి దగ్గరే పెద్ద పెద్ద మెకానిక్‌లు కూడా బోల్తా పడతారు. 2014లో మారుతి సెలెరియోతో మన దేశంలో జనంలోకి వచ్చిన ఏఎంటీ నిజానికి మామూలు గేర్‌బాక్సే. క్లచ్చు తొక్కే పని, గేరు మార్చే పని మాత్రం మన బదులు యంత్రం చేస్తుంది. కాబట్టి ఇందాకటి క్లచ్చు పాఠమంతా దానికీ వర్తిస్తుంది. ఎత్తులో బ్రేకు వేయకుండా యాక్సిలరేటరుతో బండిని ఆపి ఉంచితే అక్కడా ప్లేటు కాలుతుంది. అమెరికాలో ఫోర్డ్ కంపెనీ 2011 నుంచి 2016 దాకా ఫియెస్టా, 2012 నుంచి 2016 దాకా ఫోకస్ మోడళ్లలో అమర్చిన పొడి క్లచ్చుల ఆటోమేటిక్ గేర్‌బాక్సు బయల్దేరేటప్పుడు వణుకుతోందని కొన్నవాళ్లు కోర్టుకెక్కారు. ఆ వ్యాజ్యంలో కుదిరిన రాజీకి 2020లో కోర్టు ఆమోదం వచ్చింది. వణుకు పెద్ద కంపెనీలకు కూడా చిన్న విషయమేమీ కాదు.

టార్క్ కన్వర్టరు ఉన్న ఆటోమేటిక్‌లో చిక్కు ఇంకో రకం. అక్కడ ఇంజనుకూ గేర్‌బాక్సుకూ మధ్య ఆయిలే శక్తిని అందిస్తుంది. బండి ఒక వేగం అందుకున్నాక లోపల ఒక లాకప్ క్లచ్చు పడి రెండింటినీ నేరుగా కలిపేస్తుంది. ఆయిలు పాతబడితే ఆ క్లచ్చు పట్టీపట్టక జారుతూ వణుకుతుంది. 60, 80 మధ్య, యాక్సిలరేటరు మీద కాలు తేలికగా ఆనించి ఉన్నప్పుడు, ఊరి ముందర రోడ్డుకు అడ్డంగా వేసిన గీతల మీద పోతున్నట్టు ఉంటుంది. దీనికి అందరూ చెప్పే పరీక్ష ఏమిటంటే, అదే వేగంలో పోతూ ఎడమ కాలితో బ్రేకును లైటు వెలిగేంత మాత్రం తాకడం. లాకప్ విడిపోతుంది. వణుకు ఆగితే గేర్‌బాక్సే అంటారు.

ఇక్కడ నేను ఒప్పుకోను. ఒక సిలిండరులో చిన్నపాటి మిస్సింగ్ ఉందనుకోండి. లాకప్ విడి ఉన్నంతసేపు ఆ దెబ్బను ఆయిలే మింగేస్తుంది, మనకు తెలియదు. లాకప్ పడగానే దెబ్బ నేరుగా చక్రాలకు, సీటుకు వస్తుంది. పైగా లాకప్ పడ్డప్పుడు ఇంజను తక్కువ ఆర్‌పీఎంలో బరువు లాగుతుంటుంది, మిస్సింగ్‌కు అంతకంటే అనువైన సమయం లేదు. బ్రేకు తాకితే లాకప్ విడిపోయి ఆ వణుకు కూడా ఆగుతుంది. అంటే ఒకే పరీక్ష ఇద్దరు దోషులనూ ఒకేలా చూపిస్తుంది. అందుకే ఆ క్షణంలో స్కానరు పెట్టుకుని రెండు అంకెలు చూడాలి. ఒకటి, సిలిండర్ల మిస్సింగ్ లెక్క పెరుగుతోందా? రెండు, లాకప్ పడ్డాక కూడా ఇంజను వేగానికీ గేర్‌బాక్సు లోపలి షాఫ్టు వేగానికీ తేడా ఊగిసలాడుతోందా? మొదటిది పెరిగితే ప్లగ్గు, కాయిల్. రెండోది ఊగితే ముందు గేర్‌బాక్సు ఆయిలు, కంపెనీ చెప్పిన రకమే పోయించండి. చాలాసార్లు ఆయిలుతోనే సర్దుకుంటుంది. ఆయిలు మార్చకుండా గేర్‌బాక్సు విప్పుతామనే వాళ్లకు తొందర ఎక్కువ.

షెడ్డుకు పోయేటప్పుడు ఒక కాగితం పట్టుకుపోండి. వేగం, గేరు, ఆర్‌పీఎం, ఎత్తా చదునా, లోడు ఎంత, ఇంజను వేడిగా ఉందా చల్లగా ఉందా, యాక్సిలరేటరు తొక్కితే పెరుగుతోందా తగ్గుతోందా, న్యూట్రల్‌లో ఉందా. అంతకుముందు ఏమైనా పని జరిగిందా అన్నది కూడా రాయండి, ప్లగ్గులు మార్చిన మర్నాటి నుంచే వణుకు మొదలైతే ప్లగ్గు పింగాణీ పగిలిందేమో చూడాలి. మెకానిక్ అన్నను పక్క సీట్లో కూర్చోబెట్టుకుని ఒకసారి తిప్పండి. "ఏం మార్చాలి" అని అడగకండి, "ఎట్ల తెలిసింది" అని అడగండి. మంచి మెకానిక్‌కు ఆ ప్రశ్న వింటే కోపం రాదు, ఉత్సాహం వస్తుంది. ఒకేసారి రెండు సామాన్లు మార్చనివ్వకండి, వణుకు పోయినా ఏది కారణమో తెలియదు, తిరిగి వస్తే మళ్లీ మొదటికి వస్తారు. తీసిన పాత సామాను అడిగి తీసుకోండి.

ఆఖరుగా ఒక హెచ్చరిక. పెట్రోలు బండిలో వణుకుతో పాటు చెక్ ఇంజిన్ లైటు ఆరుతూ వెలుగుతూ ఉంటే అది మామూలు మిస్సింగ్ కాదు. మండని పెట్రోలు సైలెన్సరు దారిలోని కెటలిటిక్ కన్వర్టరులోకి పోయి అక్కడ మండుతోంది. అది ఎర్రగా కాలి లోపలి జల్లెడ కరిగిపోతుంది, దాని ఖరీదు ముందు కాయిల్ ఖరీదు చిల్లర. మన వేసవిలో రోడ్డు పక్కన ఎండు గడ్డి ఉంటుంది, అంత కాగిన కన్వర్టరును దాని మీద నిలబెడితే గడ్డి అంటుకోవచ్చు. కాబట్టి ఆ లైటు మిణుకుతుంటే ఘాటు మొదలు పెట్టకండి. యాక్సిలరేటరు తగ్గించి, గడ్డి లేని మట్టి చోటో రాతి చోటో చూసి ఆపండి, ఇంజను కట్టేయండి, మెకానిక్‌ను అక్కడికే పిలిపించండి.